పక్క సీటులో బ్రేకు

మార్చి 3

డాక్టరమ్మ రోజూ సాయంత్రం పాదాలు చూసుకుని ఒక పుస్తకంలో రాసుకోమంది. గీత, పుండు, వాపు, రంగు మారడం, ఏదున్నా రాయాలట. షుగరు వచ్చి పదకొండేళ్లయింది, దాని పని అది చేసుకుపోతోంది, కుడి పాదం కాస్త మొద్దుబారింది. ఇవాళ నన్ను కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ దారంతో ఒక్కో పాదానికి పది చోట్ల తాకించి, తెలిసినప్పుడల్లా చెప్పమంది. ఎడమది పాసయింది. కుడిదానికి కాస్త మార్కులు తగ్గాయి. డ్రైవింగు తగ్గించమంది. అలాగేనన్నాను.

రెండు వందల పేజీల పుస్తకం కొన్నాను. పాదం గురించి రోజుకి ఒక లైను రాస్తే ఈ జన్మకి అయిపోదు. అందుకని బళ్ల సంగతి కూడా ఇందులోనే రాస్తాను.

పాదం: మామూలే.

మార్చి 4

నాలుగు నెలలుగా చూడగా చూడగా చివరికి రెండు బళ్లు మిగిలాయి.

ఒకటి మెకానిక్ షెడ్డులో ఉన్న పచ్చబండి. పంతొమ్మిదేళ్ల వయసు, పెట్టెలా నిటారుగా ఉంటుంది, ఫోర్ వీల్ వేయాలంటే గేరు పక్కనున్న రెండో రాడ్డుని చేత్తో లాగాలి. రాళ్ల మీద నడవడానికే పుట్టింది. రెండోది పాతబళ్ల యార్డులో ఉన్న తెల్లబండి. దానికి ఆరేళ్లే. ఆటోమేటిక్ గేరు, ఫోర్ వీల్‌కి ఒక గుండీ తిప్పితే చాలు, వెనక సీట్లు మడిస్తే ఇద్దరం కాళ్లు చాపుకుని పడుకోవచ్చు.

జూన్‌లో కొండ దారి తెరుస్తారు. ఆరు వారాలే తెరిచి ఉంటుంది. రాళ్ల దారి, తొమ్మిది చోట్ల వాగు దాటాలి, చివర కనుమ. మొత్తం పద్ధెనిమిది రోజులు. ఆ దారి మ్యాపు మా వంటింటి గోడ మీద ఎన్నేళ్లుగా ఉందంటే, తీస్తే గోడ రంగు వేరేగా కనిపిస్తుంది. ఇక్కడ స్కూళ్లకి సెలవులిచ్చేది అప్పుడే కాబట్టి మా ఆవిడకి కూడా కుదురుతుంది. ఆవిడ స్కూలు వ్యాను నడుపుతుంది, పద్ధెనిమిదేళ్లుగా.

నేను ముప్ఫై ఒక్కేళ్లు డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలు పెట్టాను. ముప్ఫై ఒక్కేళ్లూ పక్క సీటులోనే. ఆఫీసు కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, పరీక్ష పెట్టేవాడి కోసం. కుడి కాలు దాని మీద, చేతిలో ఫారం, కళ్లు రోడ్డు మీద. అదీ నా ఉద్యోగం. నాకు ‘ఫెయిల్ సారు’ అని పేరు పెట్టారని తెలుసు. పెట్టుకోనీ. నేను ఫెయిల్ చేయబట్టి ఎంతమంది ఇవాళ కాళ్లూ చేతులతో తిరుగుతున్నారో వాళ్లకేం తెలుసు? రిటైరైన రోజున ఒకటే అనుకున్నాను. పక్క సీటు ఇక చాలు, మిగిలిన దారంతా నేనే నడుపుతాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

పాదం: మామూలే.

మార్చి 6

బళ్లకి మార్కులు వేసే పద్ధతి దొరికింది. రిటైరైనప్పుడు అలవాటుకొద్దీ బ్యాగులో ఉండిపోయిన పరీక్ష ఫారాలు ఓ ముప్ఫై ఉన్నాయి. ఆఫీసు సొత్తే, ఒప్పుకుంటాను. ఒక్కోదాంట్లో ఇరవై అంశాలు, ఒక్కోదానికి అయిదు మార్కులు. బయల్దేరడం, బ్రేకు, యాక్సిలరేటరు, ఎత్తు మీద ఆపి మళ్లీ ఎక్కించడం, దిగుడులో అదుపు, ఇలా. ‘అభ్యర్థి పేరు’ అన్న చోట ఒకదాంట్లో ‘పచ్చబండి’ అనీ, ఇంకోదాంట్లో ‘తెల్లబండి’ అనీ రాశాను. మూడేసి పరీక్షలు. ఎవరికెక్కువ వస్తే వాళ్లు పాసు. పక్షపాతం ఉండదు.

మా ఆవిడ చూసి, “నేనూ ఒకసారి వచ్చి చూడనా?” అంది.

“ఫైనల్ అయ్యాక చూద్దువుగానిలే” అన్నాను.

పాదం: మామూలే.

మార్చి 9, ఆదివారం

పచ్చబండి, మొదటి పరీక్ష. ఊరి బయట పాత రాతి క్వారీలో. మెకానిక్ పక్కన కూర్చున్నాడు. నా దగ్గరే మూడోసారికి లైసెన్సు పాసైనవాడు, ఆ సంగతి ఇద్దరం ఎత్తం.

బండి అద్భుతం. కంకర గుట్ట ఎక్కుతుంటే నాలుగు చక్రాలూ నాలుగు చేతుల్లా పట్టుకున్నాయి. స్టీరింగు బరువు, కానీ ఆ బరువులో ఒక నిజాయితీ ఉంది. ఇరవై ఏళ్ల కుర్రాడిలా నవ్వొచ్చింది నాకు.

లోపం ఒకటే. బ్రేకు ఆలస్యంగా పడుతోంది. రెండుసార్లు గమనించాను. అయిదుకి రెండు వేశాను.

“బ్రేకులు పోయిన వారమే కొత్తవి వేశాను సార్” అన్నాడు మెకానిక్.

“అయితే గాలి ఉండిపోయి ఉంటుంది, చూడు.”

“చూస్తాను సార్.” ఫారం వైపు తొంగి చూశాడు. “సార్, ఇది డ్రైవరుకి వేసే ఫారం కదా?”

పేరు మార్చానుగా, అదే చాలు అన్నాను. మెకానిక్కులకి కాగితాల సంగతి తెలియదు.

పాదం: మామూలే.

మార్చి 11

మెకానిక్ ఫోన్. బ్రేకు విప్పి చూశాడట, గాలి లేదట. మళ్లీ చూడమన్నాను.

పాదం: మామూలే.

మార్చి 16, ఆదివారం

తెల్లబండి, మొదటి పరీక్ష. యార్డు అమ్మాయి తాళాలిచ్చి, “మీ ఇష్టం వచ్చినంత తిప్పండి అంకుల్” అంది. అంకుల్ అన్నందుకు మార్కులు తగ్గించలేదు.

సీటు సోఫాలా ఉంది. గుంటలు అసలు తెలియవు. దిగుడులో ఒక మీట నొక్కితే తనంతట తనే మెల్లగా దిగుతుంది. అలా దిగడం నాకు నచ్చలేదు కానీ మార్కు మార్కే, అయిదుకి అయిదు.

లోపం: యాక్సిలరేటరు మరీ చురుకు. గేటు దగ్గర ఆపుదామనుకుంటుండగా ఒక్కసారి ముందుకి గెంతింది. అక్కడో ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ము ఉండింది, దొర్లిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మాయి నవ్వి, “కొత్త బండికి అలవాటు పడాలి అంకుల్” అంది. నిజమే. అయిదుకి ఒకటి.

పచ్చబండి 61. తెల్లబండి 64.

పాదం: మామూలే.

మార్చి 19

బావమరిది వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు. మ్యాపు ముందు నిలబడి, ఫారాలు తిరగేసి, “బావా, నువ్వు బండి కొంటున్నావా, దానికి సంబంధం చూస్తున్నావా?” అన్నాడు. జాతకాలొక్కటే కలపలేదట. టీ తాగినంతసేపూ అదే గోల. ఆఖరికి, “ఇంతకీ ఆ కొండ మీద నీ కాలు నొప్పెడితే ఏంటి పరిస్థితి?” అన్నాడు.

“నొప్పేం లేదు” అన్నాను. అసలు సమస్యే అది కదా అని వాడికి చెప్పడం ఎందుకు.

“ఏముందిలే, అక్క నడుపుతుందిగా” అని నవ్వాడు.

జోకులకేం, బాగానే వేస్తాడు. మా ఆవిడ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది.

పాదం: మామూలే.

మార్చి 22

కారణం దొరికింది. బూట్లు. ఆఫీసుకి వేసుకునే ఈ బూట్ల అడుగు మరీ మందం, పెడలు తెలియనివ్వదు. పల్చటి అడుగువి కొన్నాను. రెండు బళ్లకీ పెడళ్ల మార్కులు మళ్లీ వేయాలి. న్యాయం న్యాయమే.

మార్చి 23, ఆదివారం

పచ్చబండి, రెండో పరీక్ష. పొద్దున తొమ్మిదికి షెడ్డులో కొత్త బూట్లు వేసుకుని బయల్దేరాను. క్వారీలో రెండు గంటలు, తర్వాత ఎండిన ఏటి ఇసుకలో గంట. లో గేరులో ఇసుక తీసిన తీరు చూసి మెకానిక్ కూడా మెచ్చుకున్నాడు. బండి షెడ్డులో పెట్టి, అక్కడి నుంచి నడుచుకుంటూ ఇంటికొచ్చాను, రెండు కిలోమీటర్లుంటుంది.

సాయంత్రం బూటు విప్పి దులిపితే లోపల్నుంచి నట్టు పడింది. మెకానిక్ షెడ్డు నట్టే, చిటికెనవేలి గోరంత. పొద్దుట్నుంచీ కుడి బూటులోనే ఉందన్నమాట. సాక్సుకి రక్తం అంటింది.

పాదం: చిన్న గీత. మందు రాశాను.

మార్చి 24

సాక్సు బకెట్టులో అడుగున పడేశాను. పొద్దున చూస్తే ఉతికి ఆరేసి ఉంది. నట్టు నా ఫారాల కట్ట మీద ఉంది, కాగితాలు ఎగరకుండా పెట్టినట్టు. మా ఆవిడ వ్యానుకి వెళ్లిపోయింది.

సాయంత్రం వచ్చాక కూడా వంట సంగతే మాట్లాడింది. తిట్టినా బాగుండేది.

పాదం: గీత మానుతోంది.

మార్చి 30, ఆదివారం

తెల్లబండి రెండో పరీక్ష వాయిదా వేశాను. యార్డుకి ఫోన్ చేసి జలుబు అని చెప్పాను. జలుబు లేదు.

పాదం: మానింది.

ఏప్రిల్ 2

మెకానిక్ ఫోన్. పచ్చబండికి ఇంకొకాయన వచ్చాడట, వచ్చే వారంలోగా మాట చెప్పమన్నాడు. “మీరంటే ఆపుతాను సార్, కానీ ఎన్నాళ్లని ఆపను” అన్నాడు.

మా ఆవిడ విని, “ఈ ఆదివారం నేనూ వస్తాను” అంది. అడగలేదు, చెప్పింది.

పాదం: మామూలే.

ఏప్రిల్ 6, ఆదివారం

ఇవాళ రాయడానికేమీ లేదు.

పాదం:

ఏప్రిల్ 7

నిన్నటిది రాయాలి. రాయకపోతే రెండు రోజుల్లో దాన్ని కూడా బండి మీదకి తోసేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

మెకానిక్ క్వారీ అడుగున నిలబడ్డాడు. నేను నడుపుతున్నాను, మా ఆవిడ పక్కన. పై అంచు నుంచి దిగుడు, లో గేరు, మొదటి గేరు. సగం దిగాక దారికి అడ్డంగా ఒక బండరాయి. ఆపుదామని బ్రేకు నొక్కాను. బండి వేగం పెరిగింది. ఇంకా గట్టిగా నొక్కాను. ఇంకా పెరిగింది. నా కాలు బ్రేకు మీద ఉందో యాక్సిలరేటరు మీద ఉందో నాకు తెలియలేదు. తెలుసుకోవడానికి ఒకటే మార్గం. కిందకి చూశాను.

ముప్ఫై ఒక్కేళ్లలో నేను ఎక్కువసార్లు అన్న మాట ‘కింద చూడకు’. పెడలు కోసం కిందకి చూసినవాడిని ఎంత బాగా నడిపినా సరే ఫెయిల్ చేసేవాణ్ణి.

“కింద చూడకండి” అంది మా ఆవిడ. గొంతు పెంచలేదు. వ్యానులో పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. చెబుతూనే హ్యాండ్ బ్రేకు పైకి లాగింది. బండి వెనక భాగం కాస్త పక్కకి జారి, రాయికి జానెడు ఇవతల ఆగింది.

ఇంజిను ఆపేశాను. ఆవిడ చెయ్యి ఇంకా హ్యాండ్ బ్రేకు మీదే ఉంది.

“ఇటు రండి, కిందకి నేను దించుతాను” అంది.

వద్దన్నాను. దిగి నడిచి వెళ్లాను. మెకానిక్ పైకొచ్చి బండి దించాడు. ఆవిడ నా వెనకే నడిచి వచ్చింది.

నాకు భయమేసింది. రాయి చూసి కాదు. ఆవిడ పక్క సీటులో ఉండగా నేను కిందకి చూశాను.

ఏప్రిల్ 8

కొన్ని దిద్దుబాట్లు.

డాక్టరమ్మ డ్రైవింగు తగ్గించమనలేదు. ఆపమంది. “మళ్లీ నేను చూసి చెప్పేదాకా స్టీరింగు ముట్టుకోకండి, మీ పక్కన కూర్చునేవాళ్ల కోసమైనా” అంది. నేను అలాగేనన్నాను.

పచ్చబండికి బ్రేకు మంచిదే. తెల్లబండికి యాక్సిలరేటరు మంచిదే. పాత బూట్లు కూడా మంచివే.

పచ్చబండి రెండో పరీక్ష ఫారంలో బండి పేరు కొట్టేసి నా పేరు రాశాను. అంశాలు మార్చనక్కర్లేదు, మార్కులూ మార్చనక్కర్లేదు. అభ్యర్థి కిందకి చూశాడు. ఫలితం రాసి సంతకం పెట్టాను. ఇన్నేళ్లలో ఫెయిల్ అని రాయడానికి చెయ్యి ఆగడం ఇదే మొదటిసారి.

ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

ఏప్రిల్ 9

మధ్యాహ్నం వ్యాను ట్రిప్పుల మధ్య మా ఆవిడ ఇంటికొచ్చింది. నట్టు కింద ఉన్న ఫారం చూసినట్టుంది. కుట్టు పెట్టెలోంచి నైలాన్ దారం ముక్క తీసి, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

“కాలు ఇలా ఇవ్వండి. కళ్లు మూసుకోండి. తగిలినప్పుడు చెప్పండి.”

కాలు ఆవిడ ఒళ్లో పెట్టి కళ్లు మూసుకున్నాను. కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతోంది. కాసేపు ఆగి, “ఇప్పుడు” అన్నాను.

“ఇంకా ముట్టుకోలేదు.”

ఇంకాసేపాగి, “ఇప్పుడు.”

“లేదు.”

ఆ తర్వాత తొందరపడకుండా, తగిలిందనిపించినప్పుడే చెప్పాను. చాలాసేపయ్యాక, “అయిపోయింది. పదీ అయిపోయాయి” అంది. అలా చెప్పినవి మూడు, అందులో రెండు సరైనవట.

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?” అన్నాను.

“శీతాకాలంలో మీ చెప్పు ఊడిపోతే ఒంటి చెప్పుతో గేటు దాకా వెళ్లారు, ఆ రోజు నుంచి.”

“చెప్పలేదేం?”

“చెబితే వింటారా? మీరు ఎవరికైనా చెప్పేవాళ్లేగానీ వినేవాళ్లా?” అంది. కోపంగా కాదు. నా కాలు ఇంకా ఆవిడ ఒళ్లోనే ఉంది.

ఇన్నాళ్లూ చెప్పని మాట అప్పుడు చెప్పేశాను. ఇక్కడ కూడా రాస్తాను.

ఇరవై ఏళ్ల కింద ఆవిడ లైసెన్సు పరీక్షకి వచ్చింది. వేరే ఆఫీసరు దగ్గరికి పంపి ఉండాల్సింది. అలా పంపితే చెప్పి పాస్ చేయించాడంటారని నేనే పెట్టాను. బాగా నడిపింది. ఎత్తు మీద ఆపి మళ్లీ ఎక్కించేటప్పుడు కారు బెత్తెడు వెనక్కి జారింది. రూల్లో జానెడు దాకా ఒప్పుకుంటారు. నేను నా వైపు బ్రేకు తొక్కాను. పరీక్ష పెట్టేవాడు బ్రేకు తొక్కితే అభ్యర్థి ఫెయిలే, ఇంక మాట్లాడేందుకేమీ లేదు. వరసలో పదిహేను మంది చూస్తున్నారు. ఫెయిల్ అని రాశాను. నా నిజాయితీ గురించి ఆఫీసులో నెల రోజులు చెప్పుకున్నారు.

“అప్పటికే నువ్వు బ్రేకు తొక్కేశావు” అన్నాను. “కారు ఆగిపోయే ఉంది. నేను తొక్కనక్కర్లేదు. నాకు ఆ రోజే తెలుసు.”

మా ఆవిడ దారం చుట్టి పెట్టెలో పెట్టింది.

“నాకూ తెలుసు” అంది. “వరసలో నా వెనకున్న అమ్మాయి, బాగానే నడిపావుగా, ఎందుకు ఫెయిలయ్యావు అని అడిగింది. ‘లోపల మా ఆయనున్నాడు, అందుకని’ అన్నాను.”

ఆవిడ నవ్వింది కాబట్టి నేనూ నవ్వాను. మరుసటి నెల నేను సెలవులో ఉన్నప్పుడు వెళ్లి ఇంకో ఆఫీసరు దగ్గర పాసైంది. రెండేళ్లకి వ్యాను ఉద్యోగం వచ్చింది. ఈ పద్ధెనిమిదేళ్లలో ఆ వ్యాను నేను ఒక్కసారీ ఎక్కలేదు. ఇద్దరం ఎక్కడికెళ్లినా మా చిన్న కారు నేనే నడిపాను. ఆవిడ ఎక్కమని అడగలేదు, నేను ఎక్కుతాననలేదు. ఇంట్లో ఇదొక రూలైపోయింది.

“కొండకి వెళ్దాం” అంది లేచి. “మ్యాపు తీస్తే ఆ గోడకి రంగు వేయాలి, నావల్ల కాదు.”

పాదం: పదికి రెండు.

ఏప్రిల్ 13, ఆదివారం

మెకానిక్‌కి ముందే ఫోన్ చేసి చెప్పాను, ఇవాళ నడిపేది నేను కాదని. “అమ్మగారా? హమ్మయ్య” అన్నాడు. తర్వాత నాలిక్కరుచుకుని, ఎండ గురించి మాట్లాడాడు.

పచ్చబండి ఎక్కి మా ఆవిడ మొదట సీటు ముందుకి జరుపుకుంది, అద్దాలు మూడూ సరిచేసుకుంది, బెల్టు పెట్టుకుంది. నా బెల్టు కూడా చూసింది. నేను అలవాటుకొద్దీ బ్యాగులో చెయ్యి పెట్టాను.

“ఫారం తీశారంటే దిగిపోతాను” అంది.

చెయ్యి బయటికి తీసుకున్నాను.

అదే దిగుడు. పై అంచు దగ్గర బండి ఆపి, దిగి వెళ్లి, దారంతా నడిచి చూసి వచ్చింది. అది నాకు తట్టలేదు. ఏ రాయి ఏ చక్రం కిందకి వస్తుందో నాకు చెప్పింది. ఎక్కి, రాడ్డు లాగి, లో గేరు వేసి, బ్రేకు జోలికే వెళ్లకుండా ఇంజిను పట్టు మీదే దించుతోంది. నేను ఎదురుగా ఉన్న పిడి పట్టుకుని కూర్చున్నాను. సగం దిగాక నావైపు ఒకసారి చూసింది.

“ఏవండీ, ఆ కాలు తీయండి. అక్కడ బ్రేకు లేదు.”

కిందకి చూస్తే నా కుడి కాలు నేలని అణచిపెట్టి ఉంది. మోకాలు బిర్రబిగుసుకుపోయింది. ఎప్పట్నుంచి తొక్కుతున్నానో నాకే తెలియదు. తీశాను. వంద అడుగులు పోయాక చూస్తే మళ్లీ అక్కడే ఉంది. మళ్లీ తీశాను.

బండరాయి పక్క నుంచి నీళ్లు పోసినట్టు దాటించింది. నేను పరీక్ష పెట్టినవాళ్లలో ఇలా నడిపినవాళ్లు ఓ ఇద్దరుంటారేమో. ఆ మాట ఆవిడతో అన్నాను.

“ఇద్దరెవరు?” అంది.

మధ్యాహ్నం యార్డుకి వెళ్లి తెల్లబండి కూడా నడిపింది. పావుగంటకే తెచ్చి పెట్టేసింది. “మంచి బండే. కానీ ముందు చక్రం ఎక్కడుందో ఇందులో టీవీలో చూసుకోవాలి. పచ్చదాని బానెట్టు మూలలు రెండూ నాకు కూర్చున్నచోటు నుంచే కనిపిస్తున్నాయి. క్లచ్చూ గేరూ నా వ్యాను లాంటివే.”

“తెల్లదానికి మూడు మార్కులు ఎక్కువొచ్చాయి” అన్నాను.

“ఎవరికొచ్చాయి?” అంది.

నాలుగు నెలలు నేను తేల్చలేనిది ఆవిడ ఒక పూటలో తేల్చేసింది. నడిపేవాళ్లు ఎవరో తేలితే బండి తేలడం ఎంతసేపు.

పాదం: గీతల్లేవు. వాపు లేదు. పదికి రెండు.

ఏప్రిల్ 14

పచ్చబండి.

మే 5

ఈ మూడు వారాలూ నా పనులు: వాగుల లోతు కనుక్కోవడం, ఎక్కడ పెట్రోలు దొరుకుతుందో రాసుకోవడం, రెండో స్టెప్నీ పైన కట్టించడం, టైరు మార్చడం ప్రాక్టీసు. నేను కూర్చుని జాకీ ఎత్తితే ఆవిడ బోల్టులు విప్పుతుంది. పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఈ పనికి కాలితో అవసరం లేదు.

నాకు నడపాలనే ఉంది. రాయకపోతే అబద్ధమవుతుంది. పొద్దున షెడ్డులో బండి స్టార్ట్ చేసిన చప్పుడు వింటే ఇప్పటికీ చెయ్యి తాళాల కోసం జేబులోకి పోతుంది. డాక్టరమ్మ మళ్లీ చూసింది. ఇది వెనక్కి రాదట, ఇంతకంటే పోకుండా చూసుకోవాలట. చేత్తో నడిపే ఏర్పాటు ఉంటుందనీ, ముందు షుగరు సంగతి చూడమనీ అంది.

పాదం: మామూలే. నిజంగానే.

జూన్ 9

అయిదో వాగు దాటాం. నేను ముందు దిగి కర్ర పట్టుకుని లోతు చూద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. పాదం తడవకూడదట, రాళ్లు గుచ్చుకున్నా తెలియదట. తనే దిగి, మోకాలి లోతు నీళ్లలో అటూ ఇటూ నడిచి, వచ్చి బండి ఎక్కింది. నేను మ్యాపు చూసి చెప్పిన చోటే దాటింది. అటు గట్టు ఎక్కాక, “దారి బాగానే చెబుతున్నారే” అంది. ఈ రోజుకి నాకు ఆ మాట చాలు.

ఇవాళ నా కాలుని రెండుసార్లు తీయమంది. నిన్న నాలుగు.

పాదం: పొడిగా ఉంది. ఆవిడే చూసింది.

జూన్ 12

కనుమ.

చివరి ఎత్తు మ్యాపులో వేలెడు కూడా లేదు. నిజంలో అది గోడలా ఉంది. కుడి వైపు కొండ, ఎడమ వైపు గాలి. సగం ఎక్కేసరికి ఎదురుగా గొర్రెల మంద వచ్చి ఆగిపోయింది. బండి ఆపాల్సి వచ్చింది. గొర్రెలు తీరుబడిగా ఒక్కొక్కటే మా పక్క నుంచి దిగాయి. చివరిది వెళ్లేదాకా ఆవిడ హారను కొట్టలేదు.

తర్వాత మళ్లీ ఎక్కించాలి. ఎత్తు మీద ఆపి, మళ్లీ ఎక్కించడం. ఫారంలో పదకొండో అంశం. ఆవిడకీ అది గుర్తుందని నాకు తెలుసు, ఎందుకంటే హ్యాండ్ బ్రేకుని ఇంకోసారి లాగి చూసుకుంది.

ఆవిడ హ్యాండ్ బ్రేకు వదిలింది. బండి వెనక్కి జారింది. బెత్తెడు. ఎక్కువ కాదు, బెత్తెడే. అద్దంలో నాకు గాలి తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత క్లచ్చు పట్టుకుంది, చక్రాలు కంకరని కొరికాయి, బండి పైకి పాకింది. పై అంచు మీదకి వచ్చాక అవతల లోయంతా ఒక్కసారి కనిపించింది, అడుగున నీలంగా సరస్సు.

ఆవిడ ఇంజిను ఆపింది. లోయ వైపు చూడలేదు. నావైపు చూసింది. బండి జారినప్పుడు నేను తొక్కానా అని అడుగుతోందని నాకు తెలుసు. సమాధానం నాకూ తెలియదు. నా కాలు ఎక్కడుందో చూస్తేగానీ నాకు తెలియదు కదా.

కిందకి చూశాను. ఆవిడా చూసింది.

కాలు సీటుకి ఆనుకుని, పక్కకి వాలి, తీరిగ్గా ఉంది. అది దేన్నీ తొక్కడం లేదు.

పాదం: ఊరికే ఉంది.